కుక్క, పిల్లి ప్రవర్తన మారితే డాక్టర్ సాయం తీసుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"మా కుక్క ఈమధ్య మనుషుల మీదికి వస్తోంది, మంచి ట్రైనర్ ఉంటే చెప్పండి" అని అడిగేవాళ్లే ఎక్కువ. "పిల్లి మంచం మీద మూత్రం పోస్తోంది, ఎలా మాన్పించాలి?" అన్నది తర్వాతి ప్రశ్న. రెండింటికీ నా జవాబు ఒకటే: ముందు డాక్టర్, తర్వాతే ట్రైనర్. ఒంట్లో నొప్పి ఉన్న జంతువుకు శిక్షణ ఇస్తే నొప్పి అలాగే ఉంటుంది, దానికి మనమంటే భయం తోడవుతుంది.

"డాక్టర్‌కి చూపించాం, ఏమీ లేదన్నారు" అనేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు తేడా చూపించిన తీరులోనే ఉంటుంది. టీకా వేయించడానికి వెళ్లి, బయటికి వస్తూ గుమ్మం దగ్గర "అన్నట్టు డాక్టర్‌గారూ, కొంచెం కరుస్తోంది కూడా" అంటే ఎంత మంచి డాక్టరైనా ఏమీ తేల్చలేరు. ఈ సమస్య కోసమే విడిగా, వివరాలన్నీ చేతిలో పెట్టుకుని వెళ్లాలి. ఆ వరుస ఇదీ.

1. ఈరోజే వెళ్లాలా, వారం ఆగొచ్చా?

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా నోటు పుస్తకాలు, వీడియోల పని పక్కన పెట్టి వెంటనే బయల్దేరండి.

- మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుంటోంది, చుక్క రావడం లేదు. అరుస్తోంది, అక్కడే నాక్కుంటోంది. మూత్రనాళం పూడుకుపోయి ఉండొచ్చు. రాత్రయినా సరే ఆగకండి, ఆలస్యమైతే ప్రాణం పోతుంది.
- ఫిట్స్ వచ్చాయి, లేదా తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతోంది.
- ఎలుకల మందో, పురుగుల మందో, మనుషుల మాత్రలో తిని ఉండొచ్చని అనుమానం.
- తిండీ నీళ్లూ మానేసి, మూలన దాక్కుని, ముట్టుకుంటే మీదికి వస్తోంది.
- ఉన్నట్టుండి పిచ్చిగా కరుస్తోంది, చొంగ కారుతోంది, గొంతు మారింది, మింగలేకపోతోంది, నడకలో తూలుతోంది.

చివరిది రేబిస్ కావచ్చు. ఎముక ఇరుక్కుందేమో అని నోట్లో చెయ్యి పెట్టకండి. గదిలో ఉంచి తలుపు వేసి, డాక్టర్‌కి ఫోన్ చేసి ఏం చేయమంటారో అడగండి.

ఎవరినైనా కరిచి ఉంటే జంతువు సంగతి తర్వాత, ముందు మనిషి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏదీ పూయొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్తే యాంటీ రేబిస్ టీకా మొదలుపెడతారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోగా రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా అవసరమని గుర్తుపెట్టుకుని అడగండి. "మన కుక్కే కదా, టీకాలు వేయించాం కదా" అని ఇంట్లో మీరే తేల్చేసుకోవద్దు, ఆ మాట డాక్టర్ చెప్పాలి. కరిచిన కుక్కను 10 రోజులు గమనించాలంటారు, నిజమే. కానీ టీకా మొదలుపెట్టడానికి ఆ 10 రోజులు ఆగకూడదు.

2. ప్రవర్తన వెనక దాక్కునే జబ్బులు

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఇవి తెలిసుంటే ఇంట్లో ఏం గమనించాలో అర్థమవుతుంది. రోగం మీరే తేల్చేయమని కాదు, కళ్లు తెరిచి చూడమని.

చెవి: లాబ్రడార్, కాకర్ స్పానియల్ లాంటి వేలాడే చెవుల కుక్కలకు వానాకాలంలో చెవి ఇన్‌ఫెక్షన్లు మామూలు. కుక్క ప్రశాంతంగా ఉన్నప్పుడు చెవి రెక్క మెల్లగా ఎత్తి చూడండి. లోపల ఎర్రగా వాచి, ముదురు గోధుమరంగు గుబిలి పేరుకుని, పులిసిన వాసన వస్తుంటే తల నిమరబోయినప్పుడల్లా ఎందుకు గుర్రుమంటోందో తెలిసిపోతుంది. ఆ కుక్కకు కోపం లేదు, నొప్పి ఉంది. చెవి ఎత్తనివ్వకపోతే బలవంతం చేయకండి, ఎత్తనివ్వలేదన్న సంగతే డాక్టర్‌కి చెప్పండి.

పళ్లు: గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి వెనక్కి పోవడం, ఒక పక్కే నమలడం, నోటి దుర్వాసన.

కీళ్లు, నడుము: లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీలు సమస్యలు ఎక్కువ. మన ఇళ్లలో నున్నటి టైల్స్, గ్రానైట్ మీద కాళ్లు జారుతుంటే నొప్పి ఇంకా పెరుగుతుంది. సోఫా దిగమంటే మొరాయించడం, పిల్లలు మీద పడితే కరవబోవడం, మెట్ల దగ్గర ఆగిపోవడం మొండితనం కాకపోవచ్చు.

పిడుదుల జ్వరం: మన ప్రాంతంలో దీన్ని ఎప్పుడూ మరవకూడదు. నీరసం, తిండి తగ్గడం, చిగుళ్లు పాలిపోవడం, విసుగు. రక్తపరీక్షలో తెలుస్తుంది.

థైరాయిడ్: కుక్కల్లో ఇది తగ్గితే లావెక్కుతాయి, జుట్టు రాలుతుంది, మందకొడిగా ఉంటాయి. కొన్నిటికి చిరాకు పెరుగుతుంది. వయసు మళ్లిన పిల్లుల్లో తద్విరుద్ధం: థైరాయిడ్ ఎక్కువై, బాగా తింటూనే చిక్కిపోతాయి, రాత్రిళ్లు గోలగా అరుస్తాయి.

మూత్రకోశం: ఇల్లు పాడుచేస్తున్న పిల్లిని తిట్టేముందు దీన్ని తోసిపుచ్చాలి. మట్టిపెట్టెలో (పిల్లి మలమూత్రాలకు ఇంట్లో పెట్టే పెట్టె) కూర్చుంటే మంట పుడుతుంది, ఆ మంటకు కారణం పెట్టే అనుకుంటుంది, వేరే చోటు వెతుక్కుంటుంది. కుక్క అయితే అలవాటు తప్పి ఇంట్లో పోస్తుంది.

చూపు, వినికిడి: నిద్రలో తట్టి లేపితే ఉలిక్కిపడి కరిచే ముసలికుక్క చాలాసార్లు మీరు రావడం చూడలేదు, వినలేదు.

మెదడు ముదిమి: అర్ధరాత్రి లేచి తిరగడం, తలుపు తెరుచుకునే వైపు కాక బందుల వైపు నిలబడటం, గోడ మూలకు మొహం పెట్టి ఉండిపోవడం, తెలిసిన మనుషుల్నే పోల్చుకోలేకపోవడం. పెద్దతనంలే అని వదిలేస్తారు. మందులతో, తిండి మార్పుతో కొంత సుఖపెట్టొచ్చు.

వాడుతున్న మందులు: దురదకు ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ ఇస్తుంటే ఆకలి, దాహం, మూత్రం పెరుగుతాయి. ఇంట్లో మూత్రం పోయడం, గిన్నె దగ్గరికి ఎవరినీ రానివ్వకపోవడం అక్కణ్నుంచే వచ్చి ఉండొచ్చు.

ఇవేవీ లేకుండా భయంతో, అలవాటుతో, ఒంటరితనంతో వచ్చే సమస్యలు కూడా బోలెడు. 4 నుంచి 6 నెలల కుక్కపిల్ల పళ్లు మారే వయసులో చేతులు కొరకడం మాత్రం జబ్బు కాదు.

3. వారం రోజుల నోటు పుస్తకం

అత్యవసరం కాకపోతే వారం పాటు రాయండి. "కోపంగా ఉంటోంది" అని రాయకండి. ఏం జరిగిందో, ఏ వరుసలో జరిగిందో రాయండి. ఇలా:

"మంగళవారం రాత్రి 9. హాల్లో సోఫా పక్కన పడుకుంది. బాబు వచ్చి మెడ మీద చెయ్యి వేశాడు. పెదవులు నాకింది, మొహం పక్కకు తిప్పింది. వాడు చెయ్యి తియ్యలేదు. గుర్రుమంది. వాడు లేచిపోయాక కుడిచెవి కాలితో గోక్కుంది."

ఆ ఆఖరి వాక్యం చూశారా? డాక్టర్ ముందుగా కుడిచెవి చూస్తారు. "మా బాబంటే దానికి పడదు" అని రాసి ఉంటే ఆ ఆధారం పోయేది.

ప్రతిసారీ రాయాల్సినవి:

- ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరున్నారు
- దానికి ముందు నిమిషంలో ఏం జరిగింది
- జంతువు ఒంటి తీరు: చెవులు, తోక, కళ్లు, బిగుసుకుపోవడం
- మీరేం చేశారు, ఆ తర్వాత అదేం చేసింది
- ఎంతసేపటికి మామూలైంది

వీటితోపాటు రోజూ తిండి, నీళ్లు, మలమూత్రాలు, నిద్ర ఒక్కో వరుసలో.

వీడియో ఇంకా బలం. క్లినిక్‌లో చాలా జంతువులు భయంతో బిగుసుకుపోయి ఇంటి రూపం చూపించవు. మీరు బయటికెళ్తే గోల చేసే కుక్క అయితే పాత ఫోన్ ఒకటి ఎత్తుగా పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి వెళ్లండి. మొదటి అరగంటే ముఖ్యం.

ఒక్క హెచ్చరిక: వీడియో కోసమని కుక్కను రెచ్చగొట్టకండి. గిన్నె లాగి, పిల్లాడిని దగ్గరికి పంపి తీసే వీడియో మీకు అక్కర్లేదు, డాక్టర్‌కీ అక్కర్లేదు.

4. ఏ డాక్టర్ దగ్గరికి?

మన రాష్ట్రాల్లో ప్రవర్తన వైద్యం మాత్రమే చేసే డాక్టర్లు అరుదు. అందుకని ఆగిపోనక్కర్లేదు. కుక్కలు, పిల్లులను రోజూ చూసే, పరీక్షలు చేయించగల, మీ మాట వినే డాక్టర్ చాలు.

పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులను జనం అంతగా వాడుకోవడం లేదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం కళాశాలల దగ్గర మెడిసిన్, సర్జరీ విభాగాలు పక్కపక్కనే ఉంటాయి. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. చిన్న ఊళ్లో పశువుల ఆసుపత్రి డాక్టర్ ఎక్కువగా గేదెలను, గొర్రెలనే చూస్తున్నా చెవి, పళ్లు, జ్వరం చూడటానికి ఆయనే మొదటి మెట్టు. పెద్ద పరీక్షలకు ఎక్కడికి వెళ్లాలో చీటీ రాసివ్వమని అడగండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు వెసులుబాటు ఎక్కువ. అక్కడ ప్రవర్తన వైద్యం 1993 నుంచి గుర్తింపు ఉన్న స్పెషాలిటీ. మీ మామూలు డాక్టరే రిఫరల్ రాసిస్తారు.

ముందు ఫోన్ చేసి అడగాల్సినవి:

- "ప్రవర్తన గురించి మాట్లాడాలి, కాస్త ఎక్కువ సమయం కావాలి. ఏ రోజు, ఏ వేళ రద్దీ తక్కువ?"
- "కొత్తవాళ్లను కరుస్తుంది. మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) పెట్టి తీసుకురమ్మంటారా? బయట కారులో ఆగొచ్చా?"
- "రక్తపరీక్షలు మీ దగ్గరే చేస్తారా? ఖాళీ కడుపుతో తేవాలా?"
- "మూత్రం శాంపిల్ తెమ్మంటారా?"
- "ముందే వీడియోలు వాట్సాప్‌లో పంపితే చూస్తారా?"

ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చే చోటికే వెళ్లండి.

5. వెళ్లేముందు సిద్ధం కావడం

కుక్కకు: కరిచే అవకాశం ఉంటే బుట్టలాంటి మజిల్ కొనండి. అందులో నోరు తెరిచి రొప్పగలదు, నీళ్లు తాగగలదు. మూతిని గట్టిగా బిగించే గుడ్డ మజిల్ ఎండాకాలంలో ప్రమాదం, ఎందుకంటే కుక్కలు ఒంటి వేడిని రొప్పడం ద్వారానే ఎక్కువగా వదిలించుకుంటాయి.

మజిల్‌ను ఆసుపత్రి గేటు దగ్గర మొదటిసారి తొడగకండి. ఇంట్లో కొన్ని రోజుల ముందు నుంచి బుట్ట అడుగున ఉడికించిన చికెన్ ముక్కో, గుడ్డు ముక్కో పెట్టి, దానంతట అదే మూతి దూర్చేలా చేయండి. మొదట తిని బయటికి తీసేయనివ్వండి. తర్వాత పట్టీ ఒక్క క్షణం పెట్టి వదలండి. అలా మెల్లగా సమయం పెంచండి.

పిల్లికి: పైమూత ఊడివచ్చే గట్టి బుట్ట మేలు, డాక్టర్ పిల్లిని బయటికి లాగకుండానే చూడొచ్చు. వారం ముందే బుట్టను గదిలో తెరిచి పెట్టి, లోపల మీ పాత చీరో, టవలో వేసి ఉంచండి. ప్రయాణంలో పైన గుడ్డ కప్పండి. చేతుల్లో పట్టుకుని బండి మీద పిల్లిని తీసుకెళ్లడం మాత్రం వద్దు. ఒక్క హారన్‌కి దూకి పారిపోతుంది.

ఆసుపత్రి పేరెత్తితేనే వణికే జంతువైతే బయల్దేరేముందు ఇవ్వడానికి గాబాపెంటిన్, ట్రాజడోన్ లాంటి బెదురు తగ్గించే మందులు రాసిస్తారేమో ఫోన్‌లోనే అడగండి. మోతాదు డాక్టరే చెప్పాలి.

బయల్దేరేముందు చూసుకోండి:

- టీకాల పుస్తకం, పాత రిపోర్టులు
- ఇప్పుడు వాడుతున్న మందుల డబ్బాలు, పిడుదుల మందులతో సహా
- నోటు పుస్తకం, 2 లేక 3 చిన్న వీడియోలు
- శుభ్రమైన డబ్బాలో ఉదయపు మూత్రం, అడిగి ఉంటే
- దానికి ఇష్టమైన తిండి, నీళ్లు, అదనపు టవల్
- జంతువుతో ఎక్కువసేపు గడిపే మనిషి. వంట చేస్తూ రోజంతా చూసేది అమ్మమ్మ అయితే ఆవిడే రావాలి.

6. గదిలో: మొదటి రెండు నిమిషాలు

కథంతా మొదటి నుంచి చెప్పకండి. ఈ నాలుగు ముక్కలు చాలు: ఏం చేస్తోంది, ఎప్పటి నుంచి, ఎంత తరచుగా, ఎవరికి ప్రమాదం.

"డాక్టర్‌గారూ, నాలుగేళ్ల లాబ్, నెల నుంచి తల ముట్టుకుంటే గుర్రుమంటోంది. వారంలో మూడుసార్లు. ఒకసారి మా బాబు చేతికి పన్ను తగిలింది. ఇంట్లో ఆరేళ్ల పిల్లాడున్నాడు. నొప్పి ఏమైనా ఉందేమో చూడమని వచ్చాం."

ఆ చివరి వాక్యం తప్పకుండా అనండి. కరిచిన సంగతి దాచకండి. డాక్టర్‌కీ, కాంపౌండర్‌కీ అది ప్రమాదం.

తర్వాత అడగాల్సినవి:

- చెవులు, నోరు, కీళ్లు, వెన్ను విడివిడిగా చూశారా?
- రక్తపరీక్ష, పిడుదుల జ్వరం పరీక్ష, మూత్రపరీక్ష, థైరాయిడ్ వీటిలో దీనికి ఏవి అవసరం, ఏవి అక్కర్లేదు?
- నొప్పి అనుమానం ఉండి పరీక్షలో తేలకపోతే, కొన్నాళ్లు నొప్పి మందు వాడి తేడా చూద్దామా?
- ఈలోగా ఇంట్లో ఎవరు దూరంగా ఉండాలి?

మూడో ప్రశ్న చాలామందికి తట్టదు. నొప్పి మందుతో ప్రవర్తన బాగుపడితే అదే ఒక పరీక్ష. డాక్టర్ ఇచ్చిన మందుతో మాత్రమే. ఇంట్లోని పారాసెటమాల్ పిల్లిని చంపేస్తుంది, ఐబూప్రొఫెన్ కుక్కకు కడుపులో పుండ్లు పెట్టి కిడ్నీలు పాడుచేస్తుంది.

స్టెరాయిడ్ వాడుతున్నా, వేరే జబ్బు ఉన్నా థైరాయిడ్ రీడింగ్ తప్పుగా తక్కువ రావచ్చు. మందుల డబ్బాలు తెమ్మన్నది ఇందుకే.

7. జబ్బేమీ లేదని తేలాక

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఒంట్లో జబ్బు లేదంటే సమస్య లేదని కాదు, తర్వాతి మెట్టు మొదలైందని. దాన్ని అదే డాక్టర్‌తో కూర్చుని మూడు భాగాలుగా అడగండి.

ముందు కట్టుదిట్టం. గొడవ జరిగే సందర్భమే రానివ్వకూడదు. పిల్లలకీ కుక్కకీ మధ్య గేటు, తినేటప్పుడు వేరే గది, కాలింగ్ బెల్ మోగితే లోపలి గది. పిల్లి విషయంలో ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒకటి ఎక్కువ మట్టిపెట్టెలు, అవీ వేర్వేరు చోట్ల.

తర్వాత శిక్షణ. ఇప్పుడు ట్రైనర్ కావాలి. ఫోన్‌లో ఒక్క ప్రశ్న వేయండి: "తప్పు చేస్తే మీరేం చేస్తారు?" షాక్ కాలర్, ముళ్ల గొలుసు, వెల్లకిలా పడేసి తొక్కిపట్టడం, "బాస్ ఎవరో చూపించాలి" అన్న మాట వినిపిస్తే మర్యాదగా పెట్టేయండి. రెండు నెలలు మా దగ్గర వదిలేయండి అనేవాళ్లు భయంతో కరిచే కుక్కకు పనికిరారు. సమస్య మీ ఇంట్లో, మీ మనుషుల మధ్య ఉంది, పని కూడా అక్కడే జరగాలి. డాక్టర్ రిపోర్టు ట్రైనర్‌కి చూపించండి, ఇద్దర్నీ ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకోమనండి.

మూడోది మందు, అవసరమైతేనే.

8. మందుల దగ్గర జాగ్రత్తలు

ఆందోళనకు ఫ్లూయోక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటివి రాయొచ్చు. "మత్తు మందు" అని భయపడి మానేస్తారు, లేదా వారంలో తేడా లేదని ఆపేస్తారు. వీటి ప్రభావం తెలియడానికి 4 నుంచి 6 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదట్లో ఆకలి తగ్గొచ్చు, కాస్త మగతగా ఉండొచ్చు. రెండు రోజులు అసలు తినకపోయినా, చిరాకు పెరిగినా ఫోన్ చేయండి.

గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. పిడుదులకు నీళ్లలో కలిపి ఒళ్లంతా రాసే అమిట్రాజ్ మన దగ్గర విరివిగా వాడతారు. ఫ్లూయోక్సెటిన్, క్లోమిప్రమిన్‌లతో అది కలవకూడదు. అమిట్రాజ్ ఉన్న కాలర్లూ అంతే. ఈ మధ్య ఏ పిడుదుల మందు వాడారో డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. కుక్కకు పిడుదుల కోసం వాడే పెర్‌మెత్రిన్ మందు పిల్లికి విషం, ఇంట్లో రెండూ ఉంటే మరీ జాగ్రత్త.

దీపావళి కోసం అడిగేవాళ్లు నెల ముందే వెళ్లండి. ఆ రాత్రికి ఇచ్చే మందును మామూలు రోజున ఒకసారి ఇచ్చి ఎలా పనిచేస్తుందో చూసుకోవాలి. ఏసిప్రోమజిన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే కుక్క కదలకుండా పడి ఉంటుంది కానీ లోపలి భయం పోదు. అది రాస్తే "భయం తగ్గించేది వేరే ఏదైనా ఉందా?" అని అడగడంలో తప్పులేదు.

9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

గుర్రుమంటే కొట్టడం: గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే, రేపు హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. గుర్రుమన్న వెంటనే మీరు ఆగి, దూరం జరగండి. తర్వాత పుస్తకంలో రాయండి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే అన్నీ పోతాయనుకోవడం: మగకుక్క వీధుల వెంట తిరగడం, అక్కడక్కడ మూత్రం చల్లడం చాలావాటిలో తగ్గుతాయి. భయంతో కరవడం తగ్గకపోవచ్చు. ఏ సమస్య కోసమో చెప్పి సలహా అడగండి.

మూత్రం పోసిన చోట ముక్కు రుద్దడం: మీకు కనపడకుండా పోయడం నేర్చుకుంటుందంతే. వాసన పోయేలా ఎంజైమ్ క్లీనర్‌తో కడగండి. అమ్మోనియా వాసనుండే క్లీనర్లు వద్దు.

ఒకేసారి తిండి, మందు, ట్రైనర్, గది అన్నీ మార్చడం: ఏది పనిచేసిందో తెలియదు. డాక్టర్‌ని అడిగి ఒక్కొక్కటిగా మార్చండి.

ఊరవతల వదిలేయడం: 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఇంట్లో ఉంచుకోలేని పరిస్థితి నిజంగా వస్తే, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇంట్లో, ఆ మాట డాక్టర్‌తోనే దాపరికం లేకుండా అనండి. మరో ఇల్లు చూడటానికైనా, ఇంకేం చేయాలన్నా, కరిచిన చరిత్ర తెలిసిన మనిషి పక్కనుండాలి.

10. మళ్లీ చూపించడం

మొదటిసారి బయటికి వచ్చేముందే తర్వాతి తేదీ రాయించుకోండి. మందు మొదలుపెడితే మధ్యలో ఒకసారి ఫోన్, ఆరో వారం దాటాక మళ్లీ ఒకసారి క్లినిక్. నోటు పుస్తకం ఆపకండి. "బాగుంది" అన్న మాట కంటే "అప్పుడు వారంలో మూడుసార్లు, ఇప్పుడు రెండు వారాల్లో ఒకసారి, అదీ తొందరగా తేరుకుంది" అన్న లెక్క డాక్టర్‌కి పనికొస్తుంది.

కింది పరిస్థితుల్లో రెండో అభిప్రాయం తీసుకోండి, పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి:

- ముట్టుకోకుండానే "దీని స్వభావమే అంత" అన్నప్పుడు
- రెండు నెలలైనా తేడా లేక, మందు గానీ పద్ధతి గానీ మార్చనప్పుడు
- కొట్టమని, ఆకలితో మాడ్చమని సలహా ఇచ్చినప్పుడు

బాగుపడింది కదా అని మందు మీరే ఆపకండి. ఎన్నో నెలలుగా వాడుతున్న మందును ఒక్కసారిగా మానిపిస్తే సమస్య తిరగబెడుతుంది. డాక్టర్ చెప్పిన లెక్కలో కొన్ని వారాల మీదుగా తగ్గిస్తూ రండి, అదీ పెళ్లి, ఇల్లు మారడం, దీపావళి లాంటివి దగ్గర్లో లేని సమయం చూసుకుని.